బంగ్లా తోటలో జీడిపళ్ళ కుప్ప

ఉదయం ఐదు గంటల పది నిమిషాలకు మా బావ టీ తాగిన గ్లాసు కడిగి వెనక వసారా గట్టు మీద బోర్లించాడు. ఆ సమయం నాకు కచ్చితంగా తెలుసు. అప్పుడు నేను హాల్లో కుర్చీ ఎక్కి గోడ గడియారానికి కీ ఇస్తున్నాను. బంగ్లాలో ఉన్న పాత వస్తువుల్లో ఇంకా పనిచేస్తున్నది ఆ గడియారం ఒక్కటే. వారానికి ఒకసారి కీ ఇవ్వాలి. గ్లాసు చప్పుడుకి తల తిప్పి చూశాను. బావ తలకి తువ్వాలు చుట్టుకుంటున్నాడు.

"ఆగు బావా, నేనూ వస్తాను" అనవలసింది. అనలేదు.

తోటలోకి ఎలుగుబంటి వస్తోందని నాకు అప్పటికి నాలుగు రోజులుగా తెలుసు. అది ఎందుకు వస్తోందో కూడా తెలుసు. రోజూ తెల్లవారక ముందే ఆ తోటలోకి మొదట అడుగు పెట్టే మనిషికి ఆ మాట నేను చెప్పలేదు. నేను రాయదలచుకున్నది ఇదే. మిగిలినదంతా ఇది అర్థం కావడానికి చెప్పవలసిన వివరం.

బారువకి కాస్త ఇవతల, సముద్రానికి ఎదురుగా ఉంటుంది బంగ్లా. రేవు నడిచిన రోజుల్లో ఒక భూస్వామి కుటుంబం కట్టించుకుంది. కొబ్బరికాయలు, పీచు తాళ్ళు ఓడలకెక్కించే వ్యాపారం వాళ్ళది. రేవు మూతపడింది, వ్యాపారం పోయింది, వారసులు తలో ఊరు చేరారు. చివరికి బంగ్లానీ తోటనీ ఒక కమిటీకి అప్పగించారు. కమిటీ దాన్ని మ్యూజియం చేసింది. కింద నాలుగు గదులు, పైన మూడు. ఒక ఓడ గంట, ఒక పల్లకి, సరుకు తూచే పెద్ద కాటా, గాలి ఒత్తిడి చూపించే పరికరం, గోడల నిండా ఫొటోలు. టెక్కలి లైబ్రరీలో ఉద్యోగం చేసి రిటైరయ్యాక, వచ్చినవాళ్ళకి ఇవన్నీ చూపించే పనికి నేను ఇక్కడికి వచ్చాను. తెలిసినంతవరకు చెబుతాను. తెలియనిది తెలియదంటాను. కొందరికి ఇది నచ్చదు. పల్లకీలో ఒక రాణి ఊరేగిందని చెబితే వాళ్ళకి తృప్తిగా ఉంటుంది. ఎవరు ఊరేగారో నాకు తెలియదు.

నన్ను ఇక్కడికి రప్పించింది మా అక్క. ఆమె గదులు ఊడ్చి, అద్దాలు తుడిచేది. బావ తోటమాలి. నాకు పెళ్ళి కాలేదు. బంగ్లా వెనక రెండు గదుల ఇంట్లో ముగ్గురం ఉండేవాళ్ళం.

బావది పూండి దగ్గర పల్లె. తాతల నాటి జీడితోట ఉండేది. ఒక తుఫానులో చెట్లన్నీ వేళ్ళతో సహా లేచిపోయాయి. మళ్ళీ నాటి, కాపు వచ్చేదాకా ఆగే ఓపిక లేక ఈ పనికి కుదిరాడు. వచ్చిన కొత్తలో ఇక్కడి చెట్లని ఒక్కొక్కదాన్నీ తట్టి చూశాడట. "మంచివే. మనుసులే సూడనేదు ఈటిని" అన్నాడట. అక్క చెప్పింది.

తోట రెండు భాగాలు. ఊరి వైపు పూల మొక్కలు, నుయ్యి, కూర్చోవడానికి సిమెంటు బల్లలు. సముద్రం వైపు కొబ్బరి, జీడి, నాలుగు పాత పొన్న చెట్లు, వాటి మధ్య వంకర తిరిగిన ఒక దారి. దారికి ఒక పక్క మొగలి పొదల కంచె. చివర సరుగుడు చెట్లు, అవి దాటితే ఇసక, ఆపైన సముద్రం. ఎండ ముదరక ముందే తోట చూడాలని జనం ఏడు గంటలకల్లా వచ్చేవాళ్ళు. ఆ లోపల దారి ఊడ్చి ఉంచాలి. అందుకే బావ చీకటి విడకముందే బయలుదేరేవాడు. ఒక చేతిలో చీపురు, రెండో చేతిలో కర్ర, మెడకి తాడుతో వేలాడే ఒక ఖాళీ డబ్బా. దారి పొడుగునా ఆ డబ్బాని కర్రతో కొట్టుకుంటూ వెళ్ళేవాడు. మా ఈ ఉద్దానం ప్రాంతంలో జీడితోటల్లోకి వెళ్ళే పాతకాలం మనుషులందరూ ఏదో ఒక చప్పుడు చేస్తూనే వెళ్తారు.

బావ నన్ను పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. 'లైబ్రేరీ' అనేవాడు.

"ఏటి లైబ్రేరీ, పుస్తకాలు సదివి సదివి నీ మొకం కూడా అచ్చరాల్లాగే అయిపోనాది. తోటలోకి రా, గాలి తగుల్తాది."

"గాలి ఇక్కడా ఉంది బావా."

"ఇక్కడున్నది పాత గాలి. తాతలొదిలేసింది. అది కూడా మ్యూజియం సరుకే."

అక్క లోపలినుంచి నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. ఆయన మాట్లాడుతుంటే నేను మాట్లాడవలసిన అవసరం ఉండేది కాదు. అది నాకు హాయిగా ఉండేది.

ఫాల్గుణం దాటితే జీడిపళ్ళు రాలతాయి. పండు కింద వేలాడే జీడిపిక్కని మెలిపెట్టి తీసుకుని, పండుని పారేస్తారు. ఎవరో పిల్లలు ఒకటో రెండో తింటారు. పశువులు కొన్ని తింటాయి. మిగతావి నేల మీదే కుళ్ళిపోతాయి. ఆ వాసన ఈ ప్రాంతంలో ఎండాకాలపు వాసన. బావ పిక్కలు తీశాక పళ్ళని గంపకెత్తి, నడుస్తూ నడుస్తూ అటో గుప్పెడు ఇటో గుప్పెడు విసిరేసేవాడు. ఎక్కడా రెండు గుప్పెళ్ళు ఒకచోట పడనిచ్చేవాడు కాదు. అది చూడటానికి విత్తనాలు చల్లుతున్నట్టు ఉండేది.

నేను వచ్చిన రెండో ఏడు, ఒక వ్యవసాయ పుస్తకంలో ఎరువు కుప్పల గురించి చదివాను. పళ్ళని ఆకులతో, మట్టితో పొరలు పొరలుగా పేరిస్తే కొన్ని నెలల్లో మంచి ఎరువు అవుతుందని అందులో ఉంది. తప్పేమీ రాయలేదు ఆ పుస్తకంలో. ఏ ప్రాంతం కోసం రాశారో నేను చూసుకోలేదు. అంతే.

బావకి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు తల గోక్కున్నాడు.

"పళ్ళు ఒక్కసోట పొయ్యరురా."

"ఎందుకు పొయ్యరు?"

"పొయ్యరంతే. మా అయ్య పొయ్యనిచ్చీవోడు కాదు. ఆళ్ళయ్య కూడా అంతే."

"కారణం ఉండాలి కదా బావా."

"ఉండే ఉంటాది. నాకు సెప్పనేదు."

కారణం లేని అలవాటు అని నాకు అనిపించింది. ఆ మాట పైకి కూడా అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. "సదువుకున్నోడివి, నివ్వు సెప్తే కాదంటానా" అని గంప దించాడు. కుప్పకి చోటు కూడా నేనే చూపించాను. వచ్చినవాళ్ళకి కనపడకుండా, వాసన బంగ్లా దాకా రాకుండా, సముద్రం వైపు దారి మలుపులో, మొగలి కంచె వెనక.

నెల తిరిగేసరికి కుప్ప నా నడుము ఎత్తు పెరిగింది. కమిటీ వాళ్ళు తనిఖీకి వచ్చి చూసి మెచ్చుకున్నారు. మిగతా తోటలవాళ్ళకి కూడా చూపించాలన్నారు. 'ఈ తోటలో ఏదీ వృథా కాదు' అని ఒక చిన్న బోర్డు నేనే రాసి మలుపులో పాతించాను. అక్షరాలు వంకర లేకుండా రావడానికి స్కేలు పెట్టి గీతలు గీసుకున్నాను. ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, తరవాత నేను మాట్లాడకపోవడానికి కారణం ఆ బోర్డే.

ఆ ఎండాకాలం పేపర్లో రెండు మూడుసార్లు ఎలుగుల వార్తలు వచ్చాయి. మందస వైపు ఒక గుళ్ళో ప్రసాదం తినేసి వెళ్ళిందని, వజ్రపుకొత్తూరు వైపు తోటలో ఒక ఆడమనిషిని గాయపరిచిందని. పేపర్లో ఎప్పుడూ 'భల్లూకం' అనే రాస్తారు. ఆ మాట చదివితే భయం వేయదు. అది కథల్లో జంతువు. ఇక్కడివాళ్ళు 'ఎలుగు' అంటారు, గొంతు తగ్గించి అంటారు. బావ మాత్రం 'మావ' అనేవాడు.

"ఏటి లైబ్రేరీ, ఈ పొద్దు పేపర్లో మావ ఎక్కడున్నాడంట?"

"చాలా దూరంలో ఉంది బావా."

"పాపం, సుట్టరికానికి రావాలని ఉంటాది. కబురెట్టీ."

"సాల్లే ఎకసెక్కాలు" అంది అక్క. "పొద్దెక్కినాక ఎల్లరాదేటి తోటలోకి? అదెక్కడికీ పారిపోదు."

"నానెల్లకపోతే ఆకులు ఆటంతటవే లెగిసి ఎలిపోతాయేటే?"

ఇది జరిగిన మర్నాడో ఆ మర్నాడో, మధ్యాహ్నం పూట, కుప్ప ఎంతవరకు మగ్గిందో చూద్దామని మొగలి కంచె వెనక్కి వెళ్ళాను. కుప్ప ఒక పక్కన తవ్వేసి ఉంది. మట్టి పొర చీల్చి, లోపలి పళ్ళు బయటికి లాగి ఉన్నాయి. పంది అనుకున్నాను. తరవాత ఇసకలో అడుగు కనిపించింది. చిన్నపిల్లవాడి పాదంలా ఉంది. వేళ్ళ ముందు, కాస్త ఎడంగా, ఐదు గోళ్ళ గీతలు. ఎలుగుది. కొంచెం అవతల దాని పెంట. నల్లగా, అందులో జీడిపండు పీచు, తొక్కలు.

కంచె అవతల ఎవరో ఉన్నట్టు అనిపించింది. ఎవరూ లేరు. సముద్రం హోరు ఒక్కటే. ఆ హోరులో పక్కన మనిషి నడిచినా వినపడదని అప్పుడు మొదటిసారి గమనించాను.

నేను చేసిన పని ఇది. చెప్పుతో ఆ అడుగుని చెరిపేశాను. పెంట మీద ఇసక కప్పాను. వచ్చినవాళ్ళు చూస్తే భయపడతారని నాకు నేను చెప్పుకున్నాను. అప్పుడు తోటలో నేను తప్ప ఎవరూ లేరు.

ఆ సాయంత్రం ముగ్గురం అన్నాలు తింటున్నప్పుడు చెబుదామనుకున్నాను. బావ ఏదో కబుర్లలో ఉన్నాడు. చెబితే మొదటి ప్రశ్న 'ఎక్కడ?' అని. రెండోది 'ఎందుకొచ్చింది?' అని. ఆ రెండోదానికి జవాబు నా చేతిరాతలో బోర్డు మీద ఉంది. ఒక కూలిమనిషిని పిలిపించి కుప్పని పూడ్పించేస్తే సరిపోతుందనుకున్నాను. పక్క ఊళ్ళో ఒకతన్ని అడిగాను. నాలుగు రోజులు ఆగమన్నాడు. నేనే పార పట్టుకుని వెళ్ళవచ్చు. ఒకసారి బయలుదేరాను కూడా. పొన్న చెట్ల దాకా వెళ్ళి, మొగలి ఆకులు కదిలితే, గాలికే కదిలాయి, వెనక్కి వచ్చేశాను. పారని నుయ్యి దగ్గర పెట్టి, ఆ మధ్యాహ్నం వచ్చిన ఒక కుటుంబానికి పల్లకి చూపించాను.

నేను వెళ్ళడానికి భయపడిన చోటికి ఆయన్ని రోజూ పంపించాను. నాలుగు రోజులు.

రెండో రోజు తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చింది. డబ్బా చప్పుడు దూరమవుతుంటే వింటూ పడుకున్నాను. చప్పుడు ఉన్నంతసేపూ బతికే ఉన్నాడు అనుకున్నాను. మలుపు దగ్గర హోరులో అది కలిసిపోయింది. మళ్ళీ వినపడేదాకా లేచి కూర్చునే ఉన్నాను. ఆయన తిరిగి వచ్చి, నేను కూర్చుని ఉండటం చూసి, "ఏటిలా సూత్తన్నావు? నాను బాకీ ఉన్నట్టు" అన్నాడు.

"ఏం లేదు. రేపటి నుంచి కాస్త ఆలస్యంగా వెళ్ళు బావా."

"ఏటనీసి?"

"ఊరికే. పేపర్లో రాస్తున్నారు కదా."

ఆయన నా ముఖంలోకి కాసేపు చూశాడు. "అంతేనా?" అన్నాడు.

"అంతే."

"సరే, సూద్దాం" అని నుయ్యి దగ్గరికి వెళ్ళాడు. మర్నాడు ఇంకా ముందే లేచాడు.

ఐదు గంటల పది నిమిషాల సంగతికి వస్తాను. కూలిమనిషి ఆ రోజే వస్తానన్నాడు. ఒక్క పూట గడిస్తే కుప్ప ఉండదు, అడిగేవాళ్ళు ఉండరు అనుకుంటూ గడియారానికి కీ తిప్పాను. బావ మెట్లు దిగాడు. డబ్బా చప్పుడు మొదలైంది. ముందురోజు నుంచీ సముద్రం పోటెక్కి ఉంది, హోరు ఎక్కువగా ఉంది. డబ్బా మూడుసార్లు, నాలుగుసార్లు వినపడింది. ఆగింది. మలుపు దగ్గరికి వెళ్ళి ఉంటాడనుకున్నాను.

ఒక అరుపు వినిపించింది. అది బావ గొంతని వెంటనే పోల్చుకోలేకపోయాను. ఆయన గొంతు అలా నేను ఎప్పుడూ వినలేదు. కుర్చీ మీదే, కీ పట్టుకుని నిలబడిపోయాను. ఎంతసేపో చెప్పలేను. గడియారం నా ముఖానికి ఎదురుగానే ఉంది, కాని చూడలేదు. వెనక ఇంట్లోంచి అక్క రోకలి పట్టుకుని వచ్చి హాలు మధ్యనుంచి పరిగెత్తింది. "దిగు! దిగరా!" అని అరిచింది. అప్పుడు దిగాను. ఆమె ముందు, నేను వెనక. ఆమె 'హో' అని గొంతు చించుకుని అరుస్తూ పరిగెత్తింది. నా నోట్లోంచి శబ్దం రాలేదు.

మలుపు దగ్గర అది నిలబడి ఉంది. వెనక కాళ్ళ మీద. నేను ఊహించినంత పెద్దది కాదు. ఛాతీ మీద తెల్లటి మచ్చ కనపడుతోంది. మమ్మల్ని చూసింది, రోకలిని చూసింది, ముందు కాళ్ళు నేలకి దించింది. సరుగుడు చెట్ల వైపు వెళ్ళిపోయింది. తొందరేమీ పడలేదు.

బావ పొన్న చెట్టుకి ఆనుకుని కూర్చున్నాడు. తలకి చుట్టుకున్న తువ్వాలుని ముఖానికి అదిమి పట్టుకుని ఉన్నాడు. అక్క దాన్ని తీయబోతే ఆమె మణికట్టు పట్టుకుని ఆపాడు. "నివ్వు సూడకు" అన్నాడు. తరవాత ఎటువైపో తిరిగి, "లైబ్రేరీ, జనం వొచ్చీ టయిమవుతాది. ఇటు రానీకు" అన్నాడు.

పక్కనున్న బెస్తవాడ నుంచి నలుగురు పరిగెత్తుకొచ్చారు. వాళ్ళ వ్యానులోనే పలాస తీసుకెళ్ళాం. అక్కడినుంచి విశాఖపట్నం పంపించారు. వ్యానులో బావ తల అక్క ఒళ్ళో ఉంది. కాళ్ళు నేను పట్టుకున్నాను. తేరుకున్నాక చెబుతాను, అన్నీ చెబుతాను అనుకున్నాను. ఆయన పాదాలు ఒకసారి వేడిగా, ఒకసారి చల్లగా తగులుతున్నాయి. మూడో రోజు మధ్యాహ్నం పోయాడు. ఆ మూడు రోజుల్లో నాతో మాట్లాడే స్థితిలో ఒక్కసారి కూడా లేడు.

మేము తిరిగి వచ్చేసరికి అటవీ శాఖ నుంచి ఒకాయన తోట చూడటానికి వచ్చి ఉన్నాడు. మంచి మనిషి. పద్ధతిగా, ఒక్కొక్క అడుగూ చూసుకుంటూ వెళ్ళాడు. కుప్ప దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

"పళ్ళు ఒక్కసోట పోగేత్తే అది రోజూ అక్కడికే వొత్తాదండి. సెదురుగా ఉంటే తిరుక్కుంటూ తినీసి ఎలిపోతాది. సముద్రం పక్కన మరీ పెమాదం. మనం వొచ్చినట్టు దానికి వినపడదు. అదున్నట్టు మనకి తెలీదు. ఎదురుబడితే అది బెదిరిపోయి మీద పడతాది." జేబులోంచి పుస్తకం తీసి అడిగాడు. "ఎవులేసినారిది?"

"తోట పనిలో భాగంగా వేశారు" అన్నాను.

వేశాను అనలేదు. వేశారు అన్నాను. ఆయన రాసుకున్నాడు. ఆ వాక్యం వినేవాడికి, కుప్ప వేసింది చనిపోయిన తోటమాలేనని అర్థమవుతుంది. నాకు వాక్యాలు తెలుసు. తెలిసే అన్నాను. ఆ సాయంత్రం కుప్పని పూడ్పించి, బోర్డు పీకి, బంగ్లా అటక మీద, తలుపు విరిగిన బీరువా వెనక పెట్టాను.

ఆ తరవాత నాకు ఎలుగుబంటి భయం తగ్గింది. అక్క భయం పట్టుకుంది. ఆమెకి తెలుస్తుందేమో అని. భోజనం వడ్డిస్తూ ఆమె ఒక్క క్షణం ఆగితే, అడగబోతోందనుకునేవాణ్ణి. గదులు ఊడుస్తూ అటక వైపు చూస్తే ఇంకేదో పని చెప్పి పంపేసేవాణ్ణి. ఈ లోకంలో నాకు మిగిలిన మనిషి ఆమె ఒక్కతే. ఆమె నన్ను ఈ ఇంట్లోంచి పొమ్మంటే వెళ్ళడానికి చోటు ఉంది, పెన్షను వస్తుంది. కాని ఆమె అలా అనే రోజు తరవాత మళ్ళీ తెల్లవారుతుందని నేను ఊహించుకోలేకపోయాను.

బావ పని అక్కకి ఇచ్చారు. ఆమె అడిగింది, కమిటీ ఒప్పుకుంది. పెద్ద దినం అయిన పదోరోజునే చీపురు, కర్ర తీసుకుని బయలుదేరింది. నేను గుమ్మం దగ్గర అడ్డంగా నిలబడ్డాను.

"పొద్దెక్కనీ అక్కా."

"పొద్దెక్కితే ఎండ."

"నేనూ వస్తాను."

"నివ్వొచ్చి ఏటి సేత్తావు? అది నీకు పుస్తకం సదివి వినిపిత్తాదేటి?" అంది. ఎకసెక్కం ఆమె గొంతులో కొత్తగా ఉంది. అది బావ మాట్లాడినట్టే ఉంది.

మెట్టు మీద కూర్చుండిపోయాను. అక్కడే చెప్పాను. కుప్ప నాదన్నది ఆమెకి తెలిసిందే. తెలియదని నేను అనుకున్నది చెప్పాను. అడుగు చూశాను. చెప్పుతో చెరిపాను. నాలుగు రోజులు దాచాను. అటవీ శాఖ ఆయనతో 'వేశారు' అన్నాను. చెబుతుంటే నా మాటలు నాకే బడిపిల్లవాడు అప్పజెబుతున్నట్టు వినిపించాయి.

అక్క కర్ర గోడకి ఆనించింది. కూర్చోలేదు.

"మీ బావకి తెలీదనుకున్నావేటి?" అంది.

నేను తలెత్తాను.

"నివ్వు సూసిన రోజు పొద్దున్నే ఆ అడుగులు ఆయన కూడా సూసినాడు. అందుకే బేగి లెగిసీవోడు. ఊడ్సడానికి కాదు. కుప్పలోంచి రోజూ రెండేసి గంపలు తీసుకెల్లి సముద్రపొడ్డున సిమ్మీసి వొచ్చీవోడు. నాలుగైదు రోజుల్లో అయిపోతాదన్నాడు. 'నీ తమ్ముడికి సెప్పకే, బోర్డు కూడా రాసుకున్నాడు, సిన్నబోతాడు' అన్నాడు."

ఆ తరవాతి మాటలు నా వైపు చూడకుండా అంది.

"నాను ఒద్దన్నాను. ఆడికే సెప్పు, ఇద్దరూ కలిసి తియ్యండి అన్నాను. 'ఆడూ సూసినట్టే ఉన్నాడు, మొకం సూత్తే తెలుత్తంది, ఆడే సెప్తాడులే' అన్నాడు. రోజూ అదే మాట. 'ఈ పొద్దు సెప్తాడు సూడు' అని. నివ్వు సెప్తావని సూసినాడు."

'అంతేనా?' అని ఆయన నా ముఖంలోకి చూసింది ఎందుకో అప్పుడు తెలిసింది.

క్షమించమని అడగలేదు. అడిగితే ఆమె ఏదో ఒకటి చెప్పవలసి వస్తుంది. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. బయట వెలుతురు రావడం మొదలైంది. సముద్రం హోరు ఎప్పటిలాగే ఉంది. ఆమె గోడకి ఆనించిన కర్ర తీసి నా ముందుకి చాపింది.

"పట్టుకో" అంది. "ముందు నివ్వు నడు. నోరు తెరిసి అరుసుకుంటా నడు. వొచ్చినకాణ్ణించి నీ గొంతు ఈ తోట వినలేదు."

నేను ముందు నడిచాను. ఏం అరవాలో తెలియలేదు. మొదట 'హో' అన్నాను. అది నాకే వినపడలేదు. వెనకనుంచి, "గట్టిగా" అంది. మళ్ళీ అన్నాను. మలుపు దగ్గర కళ్ళు మూసుకోవాలనిపించింది. మూసుకోలేదు. మొగలి కంచె వెనక కుప్ప ఉన్న చోట కొత్త మట్టి చదునుగా ఉంది. దాని మీద పక్షుల అడుగులు తప్ప ఏమీ లేవు. అక్క ఊడ్చినంతసేపూ నేను సరుగుడు చెట్ల వైపు తిరిగి, కర్ర పట్టుకుని, ఏదో ఒకటి గట్టిగా అంటూనే ఉన్నాను. చివరికి మాటలు లేక, నాకు కంఠస్థం వచ్చిన ఎక్కాలు చదివాను. పదమూడో ఎక్కం దగ్గర తప్పితే ఆమె సరిచేసింది.

ఇది రెండేళ్ళ కిందటి మాట. ఎలుగు మళ్ళీ రాలేదని చెప్పలేను. పోయిన ఎండాకాలం ఇసకలో ఒకసారి ఆ అడుగు కనపడింది. నేను చెరపలేదు. కేకేసి అక్కని పిలిచి చూపించాను. ఆ రోజు గేటు తీయలేదు. వచ్చినవాళ్ళకి కారణం చెప్పాను. కొందరు విసుక్కున్నారు, ఒకరిద్దరు ఫొటో తీసుకుంటామన్నారు.

భయం పోలేదు. రోజూ మెట్లు దిగే ముందు సరుగుడు చెట్ల వైపు ఒకసారి చూసుకుంటాను. అక్కకి కూడా ఉంటుంది. ఆమె చెప్పదు, కాని మలుపు వచ్చేసరికి నా చొక్కా వెనక అంచు పట్టుకుంటుంది. ఆమెకి నా మీద ఏముందో నేను అడగలేదు. అడగను. పళ్ళు రాలే రోజుల్లో ఇద్దరం చెరో గంప పట్టుకుని, విడివిడిగా కాకుండా, ఒకరికొకరు కనపడేంత దూరంలోనే వాటిని చిమ్ముతాం. కమిటీ ఇంకొక మనిషిని ఇచ్చింది. అతను కూడా మాతోనే వస్తాడు. తెల్లవారుజామున ఆ తోటలోకి ఇప్పుడు ఎవరూ ఒంటరిగా వెళ్ళడం లేదు.